నల్లపెట్ట పదకొండు పిల్లలు

నవంబర్ 4, సోమవారం

ఈ నోట్‌బుక్కు దవాఖానల ఫిజియోథెరపీ అమ్మాయి ఇచ్చింది. గోడ మీద వేళ్లు పాకించుకుంట కుడిచెయ్యి పైకి లేపాలె, రోజుకు మూడుసార్లు. ఎంత ఎత్తు పోయిందో గోడకు పెన్సిల్ గీత పెట్టి దీంట్ల రాయాలె. వారం నుంచి ఖాళీగనే ఉన్నది. ఇయ్యాల రాయనీకె ఒకటి దొరికింది.

పొద్దున్నే శంకరమ్మ వచ్చి తలుపు కొట్టింది. ఆరేండ్ల నుంచి మా వెనక గదిల కిరాయికి ఉంటది. సిద్దిపేట దిక్కు మనిషి. గన్‌ఫౌండ్రీల ఒక మెస్సుల రొట్టెలు చేస్తది. బిడ్డకు నెలలు నిండినయంట, ఊరికి పోతున్నది, నెలన్నర దాక రాదట.

"నా కోళ్లను జర చూస్కో బిడ్డా. నల్లపెట్ట మొన్ననే పిల్లల్ని చేసింది. పదకొండు."

"నాకు ఒంట్ల బాగలేదు గదా శంకరమ్మా. చెయ్యి లేవది."

"చెయ్యి లేవకుంటే మానె. కండ్లు, కాళ్లు బాగనే ఉన్నయి గదా? అరుగు మీద కూసొని చూడనీకె ఏమైతది?"

కోపమొచ్చింది. ఆపరేషనయి తొమ్మిది వారాలే. పదిహేను రోజులు కరెంటు పెట్టుడు, అదే రేడియేషన్, మొన్ననే అయిపోయింది. మా ఆయన నీళ్ల గ్లాసు కూడ చేతికి తెచ్చిస్తడు. ఆఫీసు నుంచి ఫోన్ చేసేటోళ్లు గొంతు తగ్గించి మాట్లాడతరు. ఈమె కోళ్లు అప్పజెప్పి సంచి పట్టుకొని పోయింది!

కుడి రొమ్ము తీసేసిన్రు. ఈ ఇంట్ల ఆ మాట ఎవరూ అనరు. నేను గూడ అన. ఇది ఎవరు చదవరు కాబట్టి రాసిన.

గోడ: చేసిన. గీత నిన్నటి కాడనే.

నవంబర్ 5

మందుగోలి ఏసుకోనీకె లోపలికి పోయిన. రెండు నిమిషాలు గూడ కాలే. నల్లపెట్ట అరుపు ఇని బయటికి ఉరికొచ్చిన. పెద్ద నీడ ఒకటి వాకిట్లకెళ్లి లేచి, పక్క అపార్ట్‌మెంట్ మీదికెళ్లి పోయింది. గద్ద. కాళ్ల నడుమ పసుపుపచ్చగ చిన్నది.

పది.

గోడ: చేసిన.

నవంబర్ 6

మా ఆయన, విజయేందర్ గారు, సుల్తాన్ బజార్‌ల స్టీలు సామాన్ల దుకాణం మనిషి, ఏదైనా మర్యాదగ అంటడు. "ఎవరికన్న ఇచ్చేద్దాం సునందా. నీకు ఈ రంధి ఎందుకు? రెస్టు తీసుకోవాలె నువ్వు."

రెస్టు తీసుకునే ఉన్న గదా. రెస్టు తీసుకొని తీసుకొని సోఫాల గుంత పడ్డది.

ఇంకో దిక్కు పక్క అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు బాల్కనీకెళ్లి రాధాకృష్ణమూర్తి సార్. రైల్వేల గార్డు చేసి రిటైరైండు. పొద్దంత అక్కడ్నే కుర్చీల కూసుంటడు. "అమ్మా, మీ పుంజు తెల్లవారుజామున నాలుగింటికే కూస్తోంది. ఇది అబిడ్సా, అడవా?" అని అరిచిండు.

నా పుంజు కాదది.

శంకరమ్మ ఫోన్ చేసింది. "పిల్లలు మంచిగున్నయా?" అంటే "మంచిగున్నయి" అన్న. నోట్లకెళ్లి ఎట్లనో వచ్చింది ఆ మాట. "గద్దలతోని పైలం. ఊర్ల మేము పిల్లలకు రంగు పూస్తం, గద్ద పోల్చుకోదు" అని చెప్పింది.

నాకు కోళ్ల మీద ప్రేమేం లేదు. మాటిచ్చిన, అంతే. అది గూడ ఇయ్యలే నిజానికి.

నవంబర్ 8

గులాబి రంగు తెచ్చిపెట్టమంటే మా ఆయన తెచ్చిండు. ఎందుకని అడగలే. ఈ మధ్య నేను ఏమడిగినా ఎందుకని అడుగుడు లేదు. తొట్టిల కలిపి, పదింటినీ ఒక్కొక్కదాన్ని ముంచి తీసి, అరుగు మీద ఎండకు నిలబెట్టిన. రాత్రి ఈయన వాటిని చూసి పకపక నవ్విండు. నా దిక్కు చూసి టక్కున ఆపేసిండు.

నవ్వొద్దని ఎవరన్నరు?

ఈయన పరుపు ఇంకా హాల్లనే. నిద్రల చెయ్యి తగుల్తదేమోనని భయమట. మంచిదే. నాకు గూడ మంచం నిండ జాగ ఉంటది.

బీరువా అద్దం మీద పాత చీర కప్పిన. దుమ్ము పడుతుందని.

గోడ: చేసిన.

నవంబర్ 10, ఆదివారం

గులాబి పిల్లను తీస్కపోయింది. నేను అక్కడ్నే ఉన్న. పది అడుగుల దూరంల. అరిచిన, చప్పట్లు కొట్టబోయిన, కుడిచెయ్యి సగం కాడ్నే ఆగింది.

తొమ్మిది.

"అమ్మా, ఆ రంగు మూడో అంతస్తు నుంచి నాకే కళ్లద్దాలు లేకుండా కనిపిస్తోంది. గద్దకి కనిపించదా?" అన్నడు మూర్తి సార్ పైనుంచి. ఒళ్లు మండింది. కొట్లాడదామని పైకి చూసిన. ఆయన మొకంల ఎకసెక్కం లేదు. రైలింగు పట్టుకొని నిలబడి ఉన్నడు.

"ఒక మాట చెప్పనా? అది మొజంజాహి మార్కెట్ వైపు నుంచి వస్తుంది. మాంసం దుకాణాలు తెరవకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ముందు మా మేడ మీద హోర్డింగు చట్రం మీద కూర్చుంటుంది. మెడ రెండుసార్లు తిప్పిందంటే దిగబోతోందన్నమాట."

"అన్ని చూసుకుంట ఊకున్నరా సార్?"

"నా కోళ్లు కావు కదమ్మా అనుకున్నాను." మార్కెట్ దిక్కు చూసుకుంట, "ముప్పై ఏళ్లు రైలు వెనక కూర్చుని చూడటమే నా ఉద్యోగం. ఇంకేం రాదు నాకు" అన్నడు.

నవంబర్ 12

కోళ్లను పొద్దంత గంప కింద మూసిపెట్టొచ్చు. పొద్దున ఒక గంట పెట్టి చూసిన. నల్లపెట్ట గంప సందులకెళ్లి ఒక కన్ను పెట్టి నన్ను చూసింది. తీసేసిన. తిరిగే జీవిని మూసిపెట్టి, కాపాడిన అంటే ఏం కాపాడినట్టు?

మూర్తి సార్ ఐడియా: వాకిలి మీద అడ్డంగ దారాలు కట్టాలె. రెక్కలు చాపిన గద్ద దారాల నడుమ దిగనీకె భయపడతదట. దుకాణంకెళ్లి ప్యాకింగ్ దారం బిండెలు రెండు తెప్పించిన. జామచెట్టు కొమ్మకు, శంకరమ్మ గది రేకుల చూరుకు, ప్రహరీ గోడ మేకులకు. స్టూలు ఎక్కి ఛాతీ ఎత్తుల ముడి ఏసిన. నీళ్లు పోయే మోరీ మూలకు మాత్రం స్టూలు నిలవడది, నేల వంకర. అక్కడ చెయ్యి పైకి చాపాలె. భుజం దాక లేచింది, ఆడ కట్టిన. దాంతోని ఆ మూల దారాలన్ని కిందికి వంగినయి, గోడకు దారాలకు నడుమ పెద్ద సందు.

"ఆ మూల వంకరగా ఉందమ్మా!"

నాకు తెల్వదా. ఈయనను కట్టమని అడగొచ్చు. అడుగ.

గోడ: చెయ్యలే. ఇయ్యాల పొద్దంత దారాలే.

నవంబర్ 14

గద్ద కాదు. ముంగిస. పట్టపగలు పదకొండింటికి మోరీ రంధ్రంలకెళ్లి వచ్చి, పిల్ల మెడ పట్టి, వచ్చిన తొవ్వనే పోయింది. ఆకాశం దిక్కు చూసుకుంట కూసున్న నేను. నేల మీద చూడలే.

ఎనిమిది.

ఇటుక పెట్టి రంధ్రం మూసిన. నీళ్లు పోక వాకిలి చెరువైంది. ఇటుక తీసి అరుగు మీద కూసొని ఏడ్చిన. ఆపరేషన్ చెయ్యాలన్న రోజు గూడ ఇంత ఏడ్వలే.

రాత్రి అన్నం కాడ ఈయన మల్ల అన్నడు, "ఉస్మాన్‌గంజ్‌ల మా తెలిసినాయన ఉన్నడు, రేపు వచ్చి తీస్కపోతడు. నీ ఒంటికి మంచిది కాదు సునందా ఈ..."

"నా దగ్గరికెళ్లి ఇంకొకటి పోనియ్య!" అని అరిచిన. పళ్లెం ఎగిరింది. "ఒక్కటి గూడ పోనియ్య! ఏం అనుకుంటున్నరు మీరు? ఎన్ని పోవాలె?"

ఈయన కింద పడ్డ మెతుకులు ఎత్తిండు. నేను గూడ వంగి ఎత్తిన.

నవంబర్ 15

నేను లేచేసరికి ఈయన మోరీ కాడ గొంతుకూసొని ఉన్నడు. దుకాణంల గీతలు పడి అమ్ముడుపోని స్టీలు జల్లెడ ఒకటి తెచ్చి, రంధ్రానికి సరిగ్గ పెట్టి, చుట్టూ సిమెంటు పూస్తున్నడు. లుంగీ అంచు బురదల నానుతున్నది. అరుగు మీద సొట్టపోయిన స్టీలు ప్లేట్లు పన్నెండు, ప్రతి దానికి పైన ఒక రంధ్రం తొలిచి ఉన్నది.

"దారాలకు కట్టు. గాలికి తిరిగి మెరుస్తయి, గద్దకు కండ్లు చెదురుతయి" అన్నడు, నా మొకం చూడకుంట.

"ఆ మూల మీరే కట్టొచ్చు గదా?" అని అడిగిన. అడిగిన చివరికి.

లేచి, బురద చేతులు కడుక్కొని, దారాల దిక్కు, నా దిక్కు చూసిండు. "నువ్వు కడతవు" అన్నడు. దుకాణానికి పోయిండు.

మస్తు కోపమొచ్చింది. కోపంతోనే మొన్నటికన్న రెండు వేళ్లు మీదికి కట్టిన.

నవంబర్ 17, ఆదివారం

మూర్తి సార్ తన పాత గార్డు విజిల్ బయటికి తీసిండు. తోమి, మెడల ఏసుకున్నడు. గద్ద హోర్డింగు మీద వాలితే ఒక చిన్న విజిల్. మెడ తిప్పితే పొడుగు విజిల్. పొడుగు విజిల్ కొట్టంగనే నేను నూకల డబ్బా ఊపుకుంట జామచెట్టు కింద గంప కాడికి పోవాలె. పిల్లలు నూకల కోసం ఉరికొస్తయి. అలవాటు చెయ్యాలె.

మొదటిసారి విజిల్‌కు పిల్లలు నాలుగు దిక్కుల ఉరికినయి. పుంజు గోడెక్కి మూర్తి సార్‌ను తిట్టుకుంట కూసింది. వీధిల పోయే ఆటో ఆయన బ్రేకేసి ఆగిండు.

నవంబర్ 19

గద్ద రెండుసార్లు వచ్చింది. రెండుసార్లు ప్లేట్ల మెరుపుకు పక్కకు మల్లింది. ఎనిమిది.

నవంబర్ 21

విజిల్ కొడితే ఆరు వస్తున్నయి. రెండు చెవిటివి.

నవంబర్ 22

ఎనిమిది.

నవంబర్ 24

విజిల్ కొట్టంగనే ఎనిమిదికి ఎనిమిది! నేను డబ్బా ఊపకముందే! నల్లపెట్ట ముందు, ఎనక సగం గులాబి సగం గోధుమ రంగు ఈకలతోని వీళ్లు, నాంపల్లి స్టేషన్‌ల ఆఖరి రైలుకు ఉరికినట్టు ఉరికొచ్చిన్రు. మూర్తి సార్ పైన రెండు చేతులెత్తి చప్పట్లు. ఆయన భార్య విద్యావతమ్మ గూడ బయటికొచ్చింది. "పదేళ్లలో ఈ మనిషి ఇంత ఉషారుగా లేడమ్మా" అన్నది.

మోరీ మూల దారం ఇయ్యాల చెవి దాక వచ్చింది. ఒక జానెడు కావాలె ఇంకా.

నవంబర్ 29

అక్షరాలు వంకరపోతే పోనీ, ఇయ్యాలది ఇయ్యాలనే రాయాలె.

పొద్దున తొమ్మిదిన్నరకు. వాకిలి ఊడుస్తున్న. పొడుగు విజిల్ పడ్డది. ఏడు గంప కాడికి వచ్చినయి. ఒకటి మోరీ కాడ ఎర్రల కోసం గెలుక్కుంట అక్కడ్నే ఉన్నది. గద్ద పైనుంచి రాలే ఈసారి. ప్రహరీ గోడ మీదికెళ్లి వాలుగ, ఆ మూల వంగిన దారాల సందులకెళ్లి దూరింది. ఇన్ని రోజులు చూసుకుంట చూసుకుంట నేర్చుకున్నది అది గూడ.

పిల్లను పట్టేసింది. నల్లపెట్ట ఎగిరి దాని రొమ్ము మీద పడ్డది. రెండు కలిసి మోరీల దొర్లినయి. రెక్కలు, ఈకలు, నీళ్లు. ఎట్ల ఉరికిననో తెల్వది. పొరక రెండు చేతుల పట్టి తల మీదికి ఎత్తి దబదబ కొట్టిన. "ఇడువు! ఇడువు దాన్ని!" అని అరుస్తున్న, బూతులు గూడ తిట్టిన, ఆఫీసుల ఎవరన్న ఇంటే నమ్మరు. గద్ద లేసింది. లేస్తుంటే గోరు నా ఎడమ భుజానికి గీసుకుపోయింది. దారానికి రెక్క తాకింది, ప్లేట్లన్ని గణగణ మోగినయి. కాళ్లు ఖాళీ. ఖాళీ కాళ్లతోని పోయింది!

పైన మూర్తి సార్ విజిల్ ఆపుత లేడు. రైలు కదిలేటప్పటి తీరు కొడుతున్నడు, కొడుతున్నడు.

కొంచెంసేపటికి తెలిసింది, నా చేతులు ఇంకా పైనే ఉన్నయి. రెండు. పొరక పట్టుకొని, తల మీద, తిన్నగ. దించాలని అనిపియ్యలే.

పిల్లకు వీపు మీద రెండు గాయాలు. పసుపు పెట్టి ఒడిల కూసొపెట్టుకున్న. సాయంత్రం నూకలు ముట్టింది.

దుకాణం మూసి ఉరికొచ్చిండు ఈయన. దవాఖానకు తీస్కపోయిండు. "గద్దనా? అబిడ్స్‌లనా?" అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. ఇంజెక్షన్ ఇచ్చింది. "ఆపరేషనైన దిక్కు, కుడిచెయ్యికి గీసుకుంటే ఎంత ప్రమాదమో తెలుసా?" అని బాగ తిట్టింది. తలూపిన. ఇంతమంచిగ తిట్టి ఎన్ని రోజులైందో నన్ను ఎవరన్న.

ఎనిమిది.

నవంబర్ 30

భుజం గాయం ఎంతుందో చూసుకోవాలె. అద్దం మీది చీర తీసిన.

గోరు గీత చిన్నదే. నాలుగు అంగుళాలు గూడ లేదు. అప్పుడే ఎండుతున్నది. ఎట్లనూ నిలబడ్డ గదా అని మిగతాది గూడ చూసిన. కుడిదిక్కు చదునుగ, అడ్డంగ ఒక గీత, కుట్లు మంచిగ మానినయి. చాలసేపు చూసిన. భయంకరంగ ఉంటదనుకున్న. గీత. అంతే.

ఈయన తలుపు కాడికి వచ్చి నిలబడ్డడు. నేను పైట కప్పుకోలే.

"నొస్తుందా?" అన్నడు.

"ఏది?"

"రెండు."

"పెద్దది నొస్తలేదు. గద్దది మండుతుంది."

దగ్గరికొచ్చి గద్ద గీతకు మందు పూసిండు. తర్వాత రెండోదాని మీద గూడ చెయ్యి పెట్టిండు. మందు లేకుంట, ఉత్త చెయ్యి. వేళ్లకు స్టీలు వాసన.

డిసెంబర్ 2

మోరీ మూల దారం నేనే కట్టిన. పూరాగ. స్టూలు లేకుంట, మునివేళ్ల మీద నిలబడి, రెండు చేతులు తల మీదికి చాపి. నొప్పికి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మూడు ముళ్లు ఏసిన. మూర్తి సార్ పైనుంచి ఒక కన్ను మూసి చూసి, పాత పచ్చజెండా తీసి ఊపిండు.

డిసెంబర్ 4

ఫిజియోథెరపీ. ఆ అమ్మాయి చెయ్యి లేపి కొలిచి, మల్ల కొలిచింది. "మేడం, పోయినసారికన్న డబుల్ అయింది! గోడ ఎక్సర్‌సైజ్ ఒక్కరోజు గూడ మిస్ చెయ్యనట్టున్నరు?"

"ఔ" అన్న.

"నోట్‌బుక్ చూపిస్తరా?"

"ఇంట్ల మర్చిపోయిన."

బ్యాగులనే ఉన్నది. ఎట్ల చూపిస్త? మొదటి వారం గోడ చేసిన చేసిన అని రాసిందంత అబద్ధం. గోడ మీద గీత ఒక్కటే, అది గూడ మొదటి రోజుది. మిగతాదంత కోళ్లు.

డిసెంబర్ 8, ఆదివారం

పిల్లలకు రెక్కలు వచ్చినయి. ఒకటి జామకొమ్మ దాక ఎగిరింది. వీపు మీద గాయమైనది అందరికన్న ముందు నూకల కాడికొస్తది, అన్నలను తన్నుకుంట. గద్ద ఇయ్యాల హోర్డింగు మీద పావుగంట కూసున్నది. మెడ ఒకసారి తిప్పింది. రెండోసారి తిప్పలే. లేసి గన్‌ఫౌండ్రీ దిక్కు పోయింది. మూర్తి సార్ విజిల్ నోట్ల పెట్టుకొని అట్లనే ఉన్నడు, ఊదే పని పడలే.

హాల్ల పరుపు లేదు. మంచం మీద జాగ తక్కువైంది.

డిసెంబర్ 11

ఎనిమిది. అలవాటుకు రాస్తున్న.

డిసెంబర్ 14

శంకరమ్మ రేపు వస్తున్నదట. ఫోన్ల మనుమరాలు పుట్టిందని సంబురంగ చెప్పింది. "నా పిల్లలు పదకొండు మంచిగున్నయా?" అన్నది. మల్ల "మంచిగున్నయి" అన్న. ఫోన్ పెట్టేసినంక పోయి మల్ల లెక్కపెట్టిన. మూడు లేవు. నెలరోజుల నుంచి చెప్పలే. నమ్మి పెట్టిపోయిన మనిషికి ఎట్ల చెప్పాలె? ఒకటి మందుగోలి ఏసుకోనీకె పోతే పోయింది. ఒకటి నా ముంగటనే. ఒకటి నేను నేల దిక్కు చూడక. సాకులు లేవు.

డిసెంబర్ 15, ఆదివారం

సంచి కింద పెట్టకముందే చెప్పేసిన.

"శంకరమ్మా, నీకు అబద్ధం చెప్పిన. మూడు పోయినయి. రెండు గద్దకు, ఒకటి ముంగిసకు. తప్పు నాదే."

శంకరమ్మ నన్ను చూడలే. వాకిలి చూసింది. మెరిసే ప్లేట్లు, అడ్డంగ పొడుగ్గ దారాలు, మోరీకి సిమెంటు పెట్టిన జల్లెడ. ఏలు చూపుకుంట పిల్లల్ని లెక్కపెట్టింది. మల్ల మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఎనిమిదున్నయా?"

"ఎనిమిదే."

"ముంగిస గూడ దిగిందా?"

"ఔ."

అరుగు మీద కూలబడ్డది. "నా జిందగి అంత కోళ్లతోనే పోయింది బిడ్డా. పది పదకొండు పిల్లల్ని దింపితే నాలుగు దక్కుతయి. అయిదు దక్కితే ఎల్లమ్మ తల్లికి దండం పెడతం. ఎనిమిది ఎవ్వరు నిలవెట్టంగ చూడలే నేను. ఊర్ల గూడ చూడలే." నా మొకం దిక్కు చూసింది. "ఏం చేసినవ్?"

మూర్తి సార్ పైనుంచి, "నెల రోజుల నుంచి ఒక్కటి పోలేదమ్మా! ఒక్కటంటే ఒక్కటి!" అని అరిచి, ఎవరూ అడగకున్న పొడుగు విజిల్ కొట్టిండు. నల్లపెట్ట, ఎనిమిది పిల్లలు, పుంజుతో సహా, శంకరమ్మ కాళ్ల నడుమకెళ్లి గంప కాడికి ఉరికినయి. శంకరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. మా ఆయన తలుపుల నిలబడి నవ్వుతున్నడు, నా దిక్కు చూసి గూడ ఆపలే.

నాలుగే దక్కుతయట! నలభై రోజులు మూడు పోయినయని కుమిలిన నేను.

చాయ్ తాగినంక శంకరమ్మ అన్నది, "నల్లపెట్ట సంక్రాంతి దాటినంక మల్ల పొదుగుకు కూసుంటది. ఈసారి గుడ్లు ఎన్ని పెట్టమంటవ్? పన్నెండు పెడదునా?"

"పదహారు పెట్టు" అన్న.